సంపాతి విన్న మాట

శ్రీమద్రామాయణమును నిత్యపారాయణము చేయు గృహస్థులలో పలువురు సుందరకాండమును శ్రద్ధగా పఠింతురు. దానికి ముందున్న కిష్కింధాకాండపు చివరి సర్గలను మాత్రము త్వరగా దాటిపోవుదురు. నేనును పాఠశాలలో చదివిన నాటినుండి చాలకాలము అట్లే చేసితిని. ఆ సర్గలలో దక్షిణసముద్రపు టొడ్డున ఒక సన్నివేశమున్నది. అది జరుగనిచో హనుమంతుడు ఏ దిక్కునకు లంఘింపవలయునో తెలిసియుండెడిది కాదు. గతించిన ఒక పుణ్యాత్ముని గూర్చి ఎవరో పలికిన నాలుగు మాటలు మరియొకరి చెవిని పడుటయే ఆ సన్నివేశము.

గతించినవాడు జటాయువు. మన శ్రీవైష్ణవ సంప్రదాయమున పూర్వాచార్యులు ఆ పక్షిరాజును ‘పెరియ ఉడయార్’ అని గౌరవముతో పేర్కొనిరి. నూటయెనిమిది దివ్యదేశములలో ఒకటైన తిరుప్పుట్కుళి కాంచీపురమునకు సమీపమున కలదు. శ్రీరాముడు జటాయువునకు సంస్కారము చేసిన చోటు అదియేయని అక్కడి స్థలపురాణము. మన భద్రాచలము చెంతనున్న ఏటపాకను జటాయువు పేరుతో ముడిపెట్టి చెప్పుకొందురు. లేపాక్షివారును తమ ఊరి పేరునకు ఆ కథనే ఆధారముగా చూపుదురు. ఒక పక్షి నేలకొరిగిన చోటు మాదే, మాదేయని ఇన్ని ఊళ్ళు చెప్పుకొనుటలో నాకు తప్పు కనబడదు. మంచివాడు మా ఊరివాడేయని చెప్పుకొనుట ఎవరికి ఇష్టముండదు?

అరణ్యకాండము పదునాలుగవ సర్గలో, పంచవటికి పోవు దారిలో రామలక్ష్మణులు ఆ గృధ్రరాజును మొదట చూచిరి. చూచి, ఎవడో రాక్షసుడని శంకించిరి. ఆయన మృదువుగా తాను వారి తండ్రికి మిత్రుడనని చెప్పెను. తన వంశమును చెప్పుచు తండ్రి అరుణుడనియు, సంపాతి తన అన్నయనియు తెలిపెను. మీరిరువురును ఆశ్రమమున లేని వేళ సీతను నేను కనిపెట్టియుందునని మాట ఇచ్చెను. తండ్రి స్నేహమును గూర్చిన ఆ మాటలను రాముడు మరల మరల అడిగి వినెనని కవి వ్రాసెను. అన్నను గూర్చి జటాయువు చెప్పినది పేరు మాత్రమే. ఆ అన్న ఎక్కడనున్నాడో, బ్రదికియున్నాడో లేడో చెప్పలేదు. ఈ చిన్న విషయమును పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక.

ఆ తరువాతి కథ అందరెరిగినదే. సీతాదేవి ఆక్రందనము విని నిద్రనుండి మేల్కొన్న ఆ వృద్ధపక్షి ముందుగా రావణునకు ధర్మము చెప్పెను. అతడు వినకపోగా పోరాడి, వింటిని విరిచి, రథమును కూల్చి, చివరకు రెక్కలు తెగి పడిపోయెను. సీతను వెదకుచు వచ్చిన రాముడు రక్తసిక్తమైన ఆ పక్షిని చూచి, ఇదియే సీతను భక్షించినదని తలచి బాణము సంధించెను! తనకొరకు ప్రాణము లిచ్చుచున్నవాని పైననే. మొదటి దర్శనమున శంక, తుది దర్శనమునను శంకయే. మేలు చేయువారి విషయమున ఇట్టి పొరపాటు నరరూపము దాల్చిన భగవంతునకే వచ్చినట్లు కవి చూపినప్పుడు మనబోటివారి మాట చెప్పనేల?

జటాయువు ప్రాణములు విడిచినప్పుడు రాముడు చేసిన పని గమనింపదగినది. లక్ష్మణుని కట్టెలు తెమ్మనెను. తానే అగ్నిని మథించి తెత్తుననెను. చితిపై నుంచి దహించి, పచ్చిక నేలమీద ఆ పక్షికి పిండము పెట్టి, పితృమంత్రములు జపించి, గోదావరిలో దిగి ఉదకమిచ్చెను. కన్నతండ్రియైన దశరథునకు అగ్నిసంస్కారము చేయు అవకాశము రామునకు దొరకలేదు. అది భరతుని చేతిమీదుగా జరిగినది. చిత్రకూటమున మందాకినీతీరమున జలమును, ఇంగుదీపిండమును మాత్రమే ఇచ్చెను. తండ్రికి చేయలేకపోయినది తండ్రి స్నేహితునకు చేసెనని పెద్దలందురు. సాధువులు, శూరులు, శరణమిచ్చువారు పశుపక్ష్యాదులలో సైతము కానవత్తురని రాముడు అప్పుడు లక్ష్మణునితో పలికెను. సీత అపహృతయైన దుఃఖముకంటె ఈ పక్షి తనకొరకు మరణించిన దుఃఖమే అధికముగా నున్నదనియు చెప్పెను.

ఇక్కడ ఒక సూక్ష్మము కలదు. జటాయువు చెప్పదలచిన మాట పూర్తికాలేదు. రావణుడు దక్షిణదిక్కునకు పోయెనని చెప్పెను. వాని తండ్రి విశ్రవసుడనియు, వాడు వైశ్రవణునకు సోదరుడనియు చెప్పెను. అంతతో ప్రాణము పోయెను. వాడుండు ఊరేది? చెప్పలేదు. రాముడు చేతులు జోడించి, చెప్పుము చెప్పుమని అడుగుచునే యుండెను. ఆ ప్రశ్నకు జవాబు అరణ్యకాండములో లేదు.

ఇప్పుడు కిష్కింధాకాండమునకు వత్తము. సుగ్రీవుడు పెట్టిన నెలగడువు ఋక్షబిలములోనే గడచిపోయినది. స్వయంప్రభ దయవలన వెలుపలికి వచ్చిన వానరులు వింధ్యపర్వతపు దాపున సముద్రమును చూచి కూలబడిరి. తిరిగి పోయినచో సుగ్రీవుడు శిక్షించును. పోవుటకు ముందు దారి లేదు. అంగదుడు ప్రాయోపవేశమునకు సిద్ధపడెను. హనుమంతుడు వారించినను వినలేదు. అందరును దర్భలు పరచుకొని కూర్చుండి, చావునకు ఎదురుచూచువారు చేయునట్లే గడచినదంతయు తలచుకొనిరి. రాముని వనవాసము, దశరథుని మరణము, జనస్థానమున జరిగిన వధ, జటాయువు మృతి, సీతాపహరణము, వాలివధ: వరుసగా చెప్పుకొనిరి.

అప్పుడు కొండగుహనుండి ఒక ముసలి గ్రద్ద వెలుపలికి వచ్చెను. వరుసగా కూర్చున్న వానరులను చూచి, చాలకాలమునకు దైవము తనకు ఆహారము పంపెననియు, ఒక్కొక్కరు చచ్చినకొలది తిందుననియు సంతోషించెను. అంగదుడు ఆ మాట విని హనుమంతుని వైపు తిరిగి పలికెను. ఆ పలుకులలో దీనత్వమున్నది. సుగ్రీవుని గూర్చిన భయమున్నది. అయినను వాటి నడుమ ఒక మంచి మాట వెలువడినది. పక్షియై పుట్టియు జటాయువు వైదేహి కొరకు ప్రాణమిచ్చెను; ఆయన ధన్యుడు; ఆయనకు ఉత్తమగతి కలిగినది అని.

ఎవరికో తెలియజేయవలెనని అంగదుడు ఆ మాట చెప్పలేదు. ఎదుటనున్నవాడు జటాయువునకు ఏమగునో అతనికి తెలియదు. అతనికి జటాయువుతో బంధుత్వము లేదు; ఆయనను చూచినవాడును కాడు. విన్నదానినే చెప్పెను. కాని ఆ కొండమీద తినుటకు వచ్చినవాడు ఆ పేరు వినగానే తినుట మరచెను. ప్రాణమునకంటె ప్రియుడైన నా తమ్ముని మరణము పలుకుచున్న వాడెవడు? ఎంతకాలమునకు నా తమ్ముని పేరు వింటిని! యుద్ధమెట్లు జరిగినది? నా తమ్మునకు దశరథుడు మిత్రుడెట్లయ్యెను? నా రెక్కలు సూర్యకిరణములకు కాలిపోయినవి, కదలలేను. నన్ను క్రిందికి దింపుడు. ఇట్లు ఒకదానిపై నొకటి అడిగెను. వానరులు నమ్మలేదు. చివరకు, ఎట్లును చావదలచితిమి గదా, తిన్నను మేలేయని తలచి అంగదుడు పోయి దింపెను.

ఆయన సంపాతి. పూర్వము వృత్రవధానంతరము అన్నదమ్ములిరువురు సూర్యుని చేరుటకు ఎగిరిరి. మిట్టమధ్యాహ్నమున తమ్ముడు సొమ్మసిల్లుచుండగా అన్న తన రెక్కలతో అతనిని కప్పెను. తమ్ముడు కాలకుండ బయటపడెను. అన్న రెక్కలు కాలి వింధ్యముమీద పడెను. ఆనాటినుండి తమ్ముని వార్త ఎరుగడు.

ఈ ఘట్టమును నేను ఎన్నిమారులు పాఠము చెప్పియుంటినో లెక్కలేదు. ప్రశ్నలన్నింటిలో మొదటిది మరణమును గూర్చినది కావలెను గదా, దశరథునితో మైత్రి ఎట్లు కలిగెనని అన్నగారు అడుగుటలో ఔచిత్యమేమియని విద్యార్థులు అడుగుచుండిరి. వ్యాఖ్యానములనుండి ఏదో చెప్పి దాటించుచుంటిని. 2018వ సంవత్సరమున దానికి సరియైన జవాబు నాకు తెలిసినది. అది స్వవిషయము, అయినను ఈ ఘట్టమునకు సంబంధించినదగుటచే చెప్పక తప్పదు.

నాకొక తమ్ముడుండెను. నాకంటె నాలుగేండ్లు చిన్న. ఇద్దరము ఒకే పాఠశాలలో చేరితిమి. అతడు రెండేండ్లు చదివి, మానివేసి, ఇంగ్లీషు చదువునకు పోయెను. పిమ్మట కోనసీమలో ఒక చిన్న గ్రామమున బ్రాంచి పోస్టుమాస్టరుగా కుదురుకొనెను. 1994లో మా తండ్రిగారి ఇల్లు, వస్తువులు పంచుకొన్నప్పుడు, నాన్నగారు నిత్యము పారాయణము చేసిన రామాయణపు ప్రతి తనకు కావలెనని అతడు అడిగెను. అతడు అడిగినది అదొక్కటే. పెద్దమనుష్యుల ఎదుట నేను, “ఉత్తరాలమీద ముద్రలు కొట్టుకొనేవాడికి రామాయణమెందుకు?” అంటిని. అతడు నవ్వి ఊరకుండెను. ఆ తరువాత మా ఇంటి గడప తొక్కలేదు. ఏటేట అమ్మగారి తిథికి ముందు కార్డు వ్రాయుచుండెను. నేను రెండు పంక్తులలో జవాబిచ్చుచుంటిని. ఇరువదినాలుగేండ్లు అట్లే గడచినవి. ఉద్యోగములో నుండగనే అతడు పరమపదించెను.

దినములకు పోయితిని. పన్నెండవనాడు సపిండీకరణము జరిగినది. పదమూడవనాడు శుభస్వీకారమునకు ఊరివారు వచ్చిరి. తదీయారాధనము ముగిసిన తరువాత కూడ అరుగుమీద, వీధిలో, చెట్టుక్రింద మనుష్యులు కూర్చుండియే యుండిరి. వారెవరును నాకు తెలియదు. నేనెవరో వారికిని తెలియదు. వారిలో వారు మాటలాడుకొనుచుండగా నేను స్తంభమును ఆనుకొని వింటిని.

నడవలేనివారికి వృద్ధాప్యపు పింఛను మనియార్డరు వచ్చినప్పుడు కబురుపెట్టక తానే సైకిలుమీద ఇంటికి తెచ్చి ఇచ్చెడివాడట. పైకము లెక్కించి ఇచ్చి, వ్రేలిముద్ర వేయించుకొని, ఆ వ్రేలికి అంటిన సిరాను తన చేతిగుడ్డతో తుడిచెడివాడట. చూపులేని ఒక నేతపనివాడు ఈ మాట చెప్పెను. ముద్ర వేయించుకొన్నవారు ఎందరో ఉందురు. తుడిచినవాడు ఆయనొక్కడే అనెను.

ఒక వృద్ధురాలు చెప్పినది మరువలేను. ఆ ప్రాంతమునుండి ఎందరో స్త్రీలు ఇంటిపనులకై గల్ఫుదేశములకు పోయిరి. ఆమె కుమార్తెయు కువైట్‌లో పనికి కుదిరినది. “మా పిల్ల రాసిన ఉత్తరాలు పోస్టుమాస్టరుగారే చదివి వినిపించేవారండి. అమ్మా నేను కులాసాగా ఉన్నాను అని ఉండే మాట దగ్గర ఆగి, మళ్ళీ ఒకసారి చదివేవారు. అక్కడ అది పడే కష్టాలు కూడా రాసేదట. అవి ఆయన చదవలేదు. నాకు గుండెజబ్బు కదండి,” అనెను. చదువక విడిచిన మాటలను అతడు తనలోనే దాచుకొనలేదు. ఆ పిల్లకు తానే వేరుగా ఉత్తరము వ్రాసి వివరములు తెలిసికొని, ఊరిపెద్దలతో చెప్పి ప్రయాణపు ఖర్చులు పోగుచేయించి, ఆమెను స్వగ్రామమునకు రప్పించెను. ఆ కుమార్తె తల్లి ప్రక్కనే కూర్చుండి యుండెను.

ఉత్తరములోని మాటలు విడిచి చదువుట సత్యవ్రతమునకు భంగము కాదా? శాస్త్రజ్ఞులకు ఈ శంక తోచక మానదు. నాకును ఆ స్తంభము దగ్గరనే తోచినది. ప్రియమైనను అసత్యము పలుకరాదని స్మృతులు శాసించుచున్నవి. అతడు లేనిమాట చేర్చలేదు. ఉన్నమాటను రెండుమారులు చదివెను. అది చాలునో చాలదో ధర్మశాస్త్రవేత్తలు నిర్ణయింతురుగాక. నేను ఆ విచారమును అంతటితో వదలిపెట్టితిని.

అప్పుడు నాలోనుండి వచ్చిన ప్రశ్న ఇది. “ఆయనకు మీతో ఈ పరిచయము ఎట్లు కలిగినది?” చనిపోయినది ఎట్లు, ఏ వైద్యము జరిగినది అని కాదు. నా తమ్ముడు ఎవరికి స్నేహితుడయ్యెనో, ఎట్లయ్యెనో తెలిసికొనవలెననిపించినది. సంపాతి దశరథుని గూర్చి ఎందుకు అడిగెనో అప్పుడు తెలిసినది. తాను లేనప్పటి తమ్ముని బ్రదుకు ఆయనకు కావలెను. ఆ వృద్ధురాలు, “తమరెవరు స్వామీ?” అని అడిగెను. అన్నగారినంటిని. ఆమె లేచి నిలబడి, “మీ గురించి చెప్పేవారండి. మా అన్నయ్య గొప్ప పండితుడు అనేవారు,” అనెను. నేను తల దించుకొంటిని.

మరల కథలోనికి పోవుదము. అంగదునివలన అంతయు విని సంపాతి ఏడ్చెను. ముదిసితిని, రెక్కలు లేవు, తమ్ముని చంపినవానిపై పగ తీర్చుకొనజాలను. మాటతోనైనను రామునకు సాయపడుదునని పలికెను. రాముని పేరు, లక్ష్మణుని పేరు పిలిచి ఏడ్చుచున్న ఒక స్త్రీని ఒక రాక్షసుడు ఎత్తుకొనిపోవుటను తాను చూచితిననియు చెప్పెను. వాడెవడో చెప్పునపుడు ఆయన పలికిన పలుకును శ్రద్ధగా చూడవలెను. అరణ్యకాండమున జటాయువు తుది శ్వాసతో పలికిన శ్లోకార్ధము ఏదో, కిష్కింధాకాండమున సంపాతి నోట అదే శ్లోకార్ధము అక్షరము మారక వచ్చినది. విశ్రవసుని పేరు, వైశ్రవణుని పేరు అవియే. తమ్ముడు అక్కడ ఆగిపోయెను. అన్న అక్కడ మొదలుపెట్టి రెండవ శ్లోకార్ధమును పూర్తిచేసెను: వాడుండునది లంకానగరము, అది నూరు యోజనముల సముద్రమునకు ఆవల నున్నది.

తమ్ముని చివరి మాట ఏదో అన్నకు ఎవరును చెప్పినట్లు గ్రంథమున లేదు. అయినను కవి ఆ పలుకునే పెట్టెను. పునరుక్తియని పైపైన చదువువారు అనుకొందురు. నేనును అట్లే అనుకొంటిని. రాముడు చెప్పుము చెప్పుమని అడిగిన ప్రశ్నకు ఇన్ని మాసముల తరువాత, మరియొక కాండములో, ఆ కుటుంబమునుండియే జవాబు వచ్చినది. దానిని రప్పించినది అంగదుని ప్రజ్ఞ కాదు, బలము కాదు. చావబోవుచు ఒక మంచివానిని తలచుకొని పైకి పలుకుటయే.

ఆ వెంటనే సంపాతి కోరినది ఒక్కటే. నన్ను సముద్రమునకు తీసికొనిపొండు, నా తమ్మునకు జలమిచ్చెదను అనెను. వానరులు ఆయనను మోసికొనిపోయి తీరమున దింపి, ఉదకక్రియ ముగిసిన తరువాత మరల తెచ్చిరి. అప్పటికే రాముడు గోదావరిలో జలమిచ్చియున్నాడు గదా, మరల ఏలయని అడుగరాదు. రాముడిచ్చినది రామునిది, అన్న ఇచ్చినది అన్నది.

మన ఇండ్లలో తిథినాడు పితృపితామహప్రపితామహులను వసురుద్రాదిత్యరూపులుగా, నామగోత్రములతో స్మరింతుము. మంత్రభాగము అంతవరకే చెప్పును. ఆ నామగోత్రములు కలవాడు ఎవరి సిరా తుడిచెనో మంత్రము చెప్పదు. అది భోజనములైన తరువాత అరుగుమీద చెప్పుకొనవలసినది. ఈనాడు కర్త త్వరపడుచున్నాడు, భోక్తలు త్వరపడుచున్నారు, మధ్యాహ్నపు బస్సునకు బంధువులు లేచిపోవుచున్నారు. పిల్లలకు తాతగారి చిత్రపటము తెలియును. తాతగారు ఏమి చేసిరో తెలియదు. నా ఇంటిలోనే ఇట్లున్నదగుటచే ఇతరులను తప్పుపట్టుటకు నాకు అధికారము లేదు.

సంపాతి కథ చివర ఇంకొక ముచ్చట కలదు. రామదూతలకు సీతావృత్తాంతము చెప్పిననాడు నీ రెక్కలు మొలచునని పూర్వము నిశాకరుడను మహర్షి ఆయనకు చెప్పియుండెను. ఆ మాట నమ్మి ఎనిమిదివేల యేండ్లు వేచియుండెనట. వానరులతో ఆ విషయము చెప్పుచుండగనే ఎఱ్ఱని లేత ఈకలతో రెక్కలు మొలచినవి. తన గమనశక్తి ఎట్లున్నదో చూచుకొనుటకై కొండశిఖరమునుండి ఆయన ఎగిరెను.

మరుసటి సంవత్సరము తమ్ముని ఆబ్దికమునకు నాన్నగారి పారాయణప్రతిని చీనాంబరపు గుడ్డలో చుట్టి తీసికొనిపోతిని. తమ్ముని కుమారుడు బ్యాంకులో ఉద్యోగి. సంస్కృతము రాదు. గ్రంథమును రెండు చేతులతో అందుకొని కన్నులకు అద్దుకొని, “పెదనాన్నగారూ, ఇందులో నాన్నకు ఇష్టమైన ఘట్టమేది?” అని అడిగెను. నాకు తెలియలేదు. లోపలనున్న మరదలిని అడుగుమంటిని. ఆమె గడపలోనికి వచ్చి, “ఆయన చదువుకున్నదెప్పుడు బావగారూ! పుస్తకం తెరిచేసరికి ఎవరో ఒకరు ఉత్తరం పట్టుకుని వచ్చేవారు,” అనెను.